తోడల్లుడి వజ్రాలు

మహాసామ్రాజ్యాల చరిత్ర రాసేవాళ్ళు చక్రవర్తి ఏ ఘడియలో గుర్రమెక్కాడో, ఏ దిక్కుగా కత్తి చూపించాడో వర్ణించి వర్ణించి చెబుతారు. ఆ గౌరవం ఒక సామాన్యుడి కుడిచేతి బొటనవేలికి ఇంతవరకు దక్కలేదు. దక్కవలసినంత పని మాత్రం అది చేసింది.

ప్రతి ఉదయం కళ్ళు పూర్తిగా తెరుచుకోకముందే ఆ బొటనవేలు దిండు కిందికి వెళ్ళి ఫోను బయటికి లాగేది. తెర మీద ఒక కోట కనిపించేది. కోట వాకిట్లో ఒక పెట్టె. దాన్ని తాకితే మూత లేచి, ఆనాటి వజ్రాలు గలగలా రాలేవి. ఒక్కరోజు తాకడం మరిచినా అంతవరకు తెగకుండా వచ్చిన వరస మొత్తం చెరిగిపోయి, కథ మళ్ళీ మొదటికొచ్చేది. కాబట్టి జ్వరమొచ్చినా, కరెంటు పోయినా, భార్య పిలిచినా ముందు పెట్టె, తరవాతే ప్రపంచం. పళ్ళు తోముకోవడం కూడా ఆ తరవాతే. ఈ చివరి సంగతి పనిగట్టుకుని చెప్పడం దేనికంటే, ఆ బొటనవేలి యజమాని పళ్ళు తయారుచేసే మనిషి.

కళ్ళజోళ్ళ దుకాణం పైన మేడ మీద ఒక గదిలో అతని పని. పళ్ళ డాక్టర్లు రోగుల చిగుళ్ళ అచ్చులు తీసి పంపుతారు. అచ్చులో ప్లాస్టరు పోసి అతను దవడ నమూనా తీస్తాడు. దాని మీద గులాబీరంగు మైనం పరిచి, ఒక్కొక్క పన్నూ గుచ్చి వరస కడతాడు. ఆ మైనపు వరసను రోగి నోట్లో పెట్టి చూసి డాక్టరు సరేనన్నాక, మైనం కరిగించి తీసేసి, ఆ చోట పొడి కలిపి చేసిన చిగుళ్ళ రంగు ముద్ద కూరి, ఇనపపెట్టెలో బిగించి, నీళ్ళలో నిదానంగా ఉడికిస్తాడు. చల్లారాక సానబట్టి మెరుగు పెడతాడు. ఆ తరవాత అది అతని చేయి దాటిపోతుంది.

అటుపైన జరిగేదంతా డాక్టరుగారి కుర్చీ దగ్గరే. రోగి అద్దంలో తన నవ్వు చూసుకుని, డాక్టరు చేతులు రెండూ పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఆ నవ్వును కట్టిన మనిషి మేడ మీద బనియనుతో కూర్చుని, ముక్కు మీద పడిన ప్లాస్టరు పొడిని ఊదుకుంటున్నాడన్న ఊహ ఎవరికీ రాదు. అతనికి వచ్చే ఫోన్లన్నీ ఒకే రకం: "కింద ఎడమవైపు గుచ్చుకుంటోందట, కాస్త అరగదియ్యి." బాగా కుదిరినవి తిరిగిరావు. కుదరనివే తిరిగివస్తాయి. ఆ విధంగా, తన చేతిపనిలో అతను మళ్ళీ చూడగలిగేది తప్పులను మాత్రమే.

అలాంటి మనిషి బతుకులోకి 'కోటగోడ' అనే ఆట వచ్చి పడింది. రంగురంగుల ఇటుకలు పైనుంచి దిగుతుంటాయి. ఒకే రంగువి మూడు పక్కపక్కన చేరిస్తే గోడ ఒక వరస లేస్తుంది. లేచిన ప్రతిసారీ "అద్భుతం!" అని బంగారు అక్షరాలు మెరుస్తాయి. నాలుగు చేరిస్తే "అమోఘం!" అయిదు చేరిస్తే ఇద్దరు సైనికులు బురుజు మీదికొచ్చి బూరలు ఊదుతారు. పెళ్ళయ్యాక అతన్ని అద్భుతమన్నవాళ్ళు లేరు. పెళ్ళికి ముందు ఉన్నారనడానికి కూడా ఆధారాలు దొరకలేదు.

అక్కడితో ఆగితే ఇది సుఖాంతమే. కానీ ఆ ఆటలోకి అతన్ని లాగినవాడు తోడల్లుడు.

తోడల్లుడంటే అత్తవారు మనపక్కన నిలబెట్టి చూపించే కొలబద్ద. ఈ కొలబద్ద లిఫ్టుల కంపెనీలో మేనేజరు. పొడగరి. ఫోటోల్లో ఎప్పుడూ నల్ల కళ్ళద్దాలతో కారుకు ఆనుకుని ఉంటాడు. పైగా అత్తగారు ఉండేది అతని ఇంట్లోనే. "మా చిన్నల్లుడు కన్నకొడుకు కన్నా ఎక్కువ" అని ఆవిడ ఎవరితోనో ఫోనులో అంటుండగా పెద్దల్లుడైన ఇతను స్వయంగా విన్నాడు. అవతలివాళ్ళు మరి పెద్దాయనో అని అడిగినట్టున్నారు. "ఆయనా? నెమ్మదస్తుడు" అన్నారావిడ. చెప్పుకోవడానికి ఇంకేమీ దొరకనప్పుడు అల్లుణ్ణి నెమ్మదస్తుడంటారని అతనికి తెలుసు. ఆ పూట అన్నం సయించలేదు.

ఒకసారి బంధువులందరూ చేరినప్పుడు తోడల్లుడు చుట్టూ తిరిగి అందరి ఫోన్లలోనూ కోటగోడ ఎక్కించాడు. చేర్చిన ప్రతి మనిషికీ అతనికి కొన్ని వజ్రాలు వస్తాయట. బంధువులందరికీ కలిపి ఒక పట్టిక ఏర్పడింది. ఏ వారం ఎవరు ఎక్కువ వజ్రాలు కూడబెడితే వాళ్ళ బొమ్మ చుట్టూ తరవాతి వారమంతా బంగారు చట్రం వెలుగుతుంది. రెండోవాడికి వెండి చట్రమైనా లేదు. "మళ్ళీ ప్రయత్నించండి" అన్న మాట ఉంది.

అతను పేరు రాసే దగ్గర ఏమీ రాయలేదు. ఆటే అతనికి 'అతిథి' అని పేరు పెట్టింది. బొమ్మ కోసం మాత్రం చాలా ఆలోచించి, తను కట్టినవాటిలోకెల్లా అందమైన పలువరుసను, డాక్టరుకు పంపేముందు తీసుకున్న ఫోటోను పెట్టాడు. పెట్టి, పట్టికలో రెండో స్థానంలో కూర్చున్నాడు. ఏ వారం ముగిసినా అక్కణ్ణుంచి లేవలేదు. పైన నల్ల కళ్ళద్దాలు, చుట్టూ బంగారం.

మిగతా బంధువులు పట్టికలో ఎక్కడున్నారో అతను చూడలేదు. కడుపు మండుతున్నవాడికి తన పైమెట్టు తప్ప కిందిమెట్లు కనపడవు.

అతన్ని కాల్చుకుతిన్నది ఓడిపోవడం కాదు, ఓడిపోయే వేళ. రాత్రి పొద్దుపోయేదాకా ఆడి, ఉదయానికి తను ముందుంటాడు. స్నానం చేసి, గది తాళం తీసి, ప్లాస్టరు కలిపేటప్పటికి తోడల్లుడు దాటేసి ఉంటాడు. మధ్యాహ్నానికి అందనంత దూరం. అంటే సరిగ్గా ఆఫీసు వేళలోనే!

"కంపెనీ జీతమిచ్చి ఆడిస్తోందన్నమాట. వీళ్ళ లిఫ్టులు మధ్యలో ఆగిపోతున్నాయంటే ఆగవూ మరి?" అన్నాడు భార్యతో.

అతని భార్య గ్రంథాలయంలో పనిచేస్తుంది. అందువల్ల గొంతు పెంచకుండా తిట్టడం ఆవిడకు అలవాటు.

"మా మరిది లిఫ్టుల సంగతి తరవాత. మా అమ్మ పళ్ళ సంగతేంటి?"

"అవుతాయి."

"ఎప్పుడు?"

"పళ్ళంటే ఏమన్నా మొక్కజొన్న గింజలా, గబగబా గుచ్చెయ్యడానికి? టైము పడుతుంది."

"బయటివాళ్ళకి పట్టట్లేదుగా టైము. మా అమ్మకే పడుతోంది."

నిజమే. అత్తగారికి మిగిలిన పళ్ళు కూడా తీసేశారు. పుండు మానింది, డాక్టరు అచ్చులు తీసి పంపాడు. ఆ అచ్చులు మేడ మీది గదిలో కిటికీ పక్కన కూర్చుని వీధి చూస్తున్నాయి. ఆ వృత్తిలో ఒక పద్ధతి ఉంది: ఇంటివాళ్ళ పని అన్నిటికన్నా చివర. ఎందుకంటే ఇంటివాళ్ళు డాక్టరుకు ఫిర్యాదు చెయ్యరు. ఈలోగా అత్తగారు గది దాటి రావడం మానేశారు. సాయంత్రాలు పార్కులో ఆవిడ నవ్వితే చివరి బెంచీ దాకా వినిపించేది. ఇప్పుడు ఆ బెంచీవాళ్ళు ఫోను చేస్తే ఒంట్లో బాగాలేదని చెప్పిస్తున్నారు. సూపు తాగుతున్నారు. ఒక్క యాపిలు కొరికి తినాలనుందని చిన్నకూతురితో అన్నారట.

"యాపిలు కొరకాలనుందట మా అమ్మకి," అంది భార్య మెల్లిగా, పుస్తకం గడువు దాటిందని చెప్పే గొంతుతో. "అల్లుడు పళ్ళు చేసే ఆయన. విన్నవాళ్ళు నవ్వుతారు. వాళ్ళకి పళ్ళున్నాయి కాబట్టి."

సిగ్గేసి అతను వరస కట్టాడు. డాక్టరే వాళ్ళింటికి వెళ్ళి, మైనపు పళ్ళు ఆవిడ నోట్లో పెట్టి చూసి సరేనన్నాడు. ముద్ద కూరి, బిగించి, పొయ్యి మీద పెట్టాడు. ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. ఆ ముద్దను చిన్నమంట మీద నిదానంగా వేడెక్కనివ్వాలి. నీళ్ళు తెర్లితే ముద్ద లోపల బుడగలు పుడతాయి. పళ్ళు కట్టేవాళ్ళకు అన్నిటికన్నా ముందు నేర్పే పాఠం ఇదే. నీళ్ళు గోరువెచ్చన అయ్యేదాకా పెద్దమంట ఉంచి తగ్గిద్దామనుకున్నాడు. అనుకుని, ఊరికే ఒకసారి పట్టిక చూశాడు.

నల్ల కళ్ళద్దాలు అప్పుడే దాటేశాయి.

అతను ఇటుకల్లో పడ్డాడు. "అద్భుతం!" అంది ఫోను. "అమోఘం!" అంది. బూరలు మోగాయి. ఆ మోతలో నీళ్ళు కుతకుతలాడటం వినిపించలేదు. గిన్నె అంచు దాటి నీళ్ళు పొంగి మంట ఆరిపోయిన వాసనకు తల ఎత్తాడు. ఇనపపెట్టె చల్లార్చి విప్పి చూస్తే అత్తగారి చిగుళ్ళు స్పాంజిలా ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నవాడు, మొదటి పాఠంలో తప్పిన విద్యార్థిలా నిలబడ్డాడు. పోనీ ఆ వజ్రాలైనా దక్కాయా అంటే, సాయంత్రానికి తోడల్లుడు మళ్ళీ ముందుకెళ్ళాడు.

"పొడి పాతది ఇచ్చాడు షాపువాడు. మళ్ళీ చెయ్యాలి" అన్నాడు ఇంటికొచ్చి.

భార్య అతని చేతిలోని ఫోను వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది.

మర్నాడు పట్టలేక తోడల్లుడికి ఫోను చేశాడు.

"ఏం తమ్ముడూ, ఖాళీయేనా?"

"ఖాళీయా! ఊపిరి తీసుకోడానికి లేదన్నయ్యా. పొద్దున్నుంచీ మీటింగులే."

"ఊపిరికి లేకపోయినా వేళ్ళకి తీరిక దొరుకుతోందిలే."

"ఏంటన్నయ్యా, వినపడలేదు?"

"ఏం లేదు. ఆరోగ్యం జాగ్రత్త అంటున్నా. ముఖ్యంగా బొటనవేలు."

"మీరు భలే జోకులేస్తారన్నయ్యా," అని తోడల్లుడు నవ్వాడు. "అది సరే గానీ, అత్తయ్య పళ్ళు ఎప్పటికవుతాయి? పాపం, గదిలోంచి బయటికే రావట్లేదు."

అతను ఫోను పెట్టేశాడు. ఏం నటన! గెలుస్తూ గెలుస్తూ, ఆ గెలుపును తుమ్ము దాచుకున్నట్టు దాచుకుంటున్నాడు. ఓడిన మనిషితో దాని ఊసే ఎత్తడు. పైగా అత్తగారి మీద జాలి ఒకటి. అసూయపడటానికి మనిషి ఎన్ని వైపులనుంచి సదుపాయంగా ఉండగలడో అన్ని వైపులనుంచీ ఉన్నాడు.

వరస మళ్ళీ మైనంలో కట్టాడు. ఈసారి డాక్టరుకు తీరిక లేదు. పళ్ళు లేని నోటితో వీధిలోకి రానని అత్తగారు తెగేసి చెప్పారు. అతనే డబ్బా పట్టుకుని తోడల్లుడి ఇంటికి వెళ్ళాడు. పట్టపగలు, అందరూ పనుల్లో ఉండే వేళ. ఆఫీసుకు బయల్దేరుతున్న మరదలు తలుపు తీసింది.

"రండి బావా! అమ్మ లోపలుంది. మిమ్మల్ని పట్టించుకుంటుందో లేదో మరి. ఆ టాబ్లెట్టు పట్టుకుందంటే ఇల్లు కూలినా లేవదు."

అత్తగారు కిటికీ పక్కన పడక కుర్చీలో ఉన్నారు. తువ్వాలు అంచు నోటికి అడ్డం పెట్టుకుని, తల ఎత్తకుండానే చేయి ఊపారు.

"కూర్చో నాయనా. ఒక్క నిమిషం. ఈ ఎర్రది పక్కకి జరిపానంటే గోడ లేస్తుంది."

గోడ లేచింది. సైనికులు వచ్చి బూరలు ఊదారు. తెర మూలన, బంగారు చట్రం నడుమ, నల్ల కళ్ళద్దాలు కారుకు ఆనుకుని ఉన్నాయి.

అతను వంగి మళ్ళీ చూశాడు.

"అత్తయ్యా, ఇది తమ్ముడిది కదా?"

"అతనిదే. కొత్తది కొనుక్కుని ఇది నాకిచ్చాడు. అతను ఆడటం ఎప్పుడో మానేశాడు. ఆ ఫోటో మార్చడం నాకు చేతకాక, అతని మొహం పెట్టుకునే ఆడేస్తున్నా."

"రోజంతానా అండీ?"

"ఇంకేం చెయ్యను? పార్కుకెళ్ళి నోరు మూసుకుని కూర్చోనా? అయినా నేనూ రెండ్రోజులు చూసి మానేద్దామనే అనుకున్నా. మాననిచ్చాడా వీడు?" ఆవిడ వేలు తెర మీద టక్కున పడింది. సరిగ్గా పలువరుస మీద. "ఇదిగో వీడు. అతిథట. ఎవడో నీకేమన్నా తెలుసా?"

"తెలీదండీ" అన్నాడు పెద్దల్లుడు.

"ఎలా ఇకిలిస్తున్నాడో చూడు. నాకు నోట్లో ఒక్కటి లేదా, వీడికి బొమ్మనిండా పళ్ళు! పొద్దున్నే తెరిస్తే ఈ పళ్ళ దర్శనం. ఒళ్ళు మండిపోతుంది నాయనా. ఏమైనా సరే వీణ్ణి నా ముందుకి పోనివ్వకూడదని పట్టుబట్టా."

"పోనీలెండి, ఎవరో..."

"అతిథన్నవాడు వచ్చి, నాలుగు రోజులుండి, పోవాలి. వీడు పోడే! పనీపాటా లేని సన్నాసి."

"పని ఉండే ఉంటుందండీ" అన్నాడతను బలహీనంగా.

"ఉంటే పొద్దస్తమానం ఇక్కడెందుకు వేలాడతాడు? వీణ్ణి నమ్ముకుని ఎవరు ఏ పని అప్పజెప్పి కూర్చున్నారో, వాళ్ళని తల్చుకుంటే జాలేస్తుంది నాకు."

అతను డబ్బా మూత తియ్యడానికి అవసరమైనదానికన్నా ఎక్కువసేపు తీసుకున్నాడు.

మైనపు వరస ఆవిడ నోట్లో పెట్టాడు. మెల్లిగా కరవమన్నాడు. పైవరస కిందివరస మీద ఒద్దికగా కూర్చుంది. ముక్కు కొసా పళ్ళ నడిమి గీతా ఒకే నిలువులో ఉన్నాయి. అద్దం చేతికిచ్చాడు. ఆవిడ పెదవులు ఇటూ అటూ లాగి చూసుకున్నారు. తరవాత టాబ్లెట్టు ఎత్తి, అద్దం పక్కన పెట్టి, రెంటినీ పోల్చి చూశారు.

"ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి," అన్నారు మైనం కదలకుండా జాగ్రత్తగా. "మనిషి ఎలాంటివాడో గానీ, ఆ బొమ్మలో పళ్ళు ఎవరు కట్టారో, చెయ్యి మహా మంచిది. దేవుడిచ్చినవి కూడా అంత పొందికగా ఉండవు. అందుకే కదా నాకంత మంట."

ఇన్నేళ్ళ పనిలో మొదటిసారి ఒక మనిషి నోటినుంచి, అదీ తను పళ్ళు కడుతున్న నోటినుంచి, ఆ మాట వచ్చింది. ఆ మాట దొరక్కే కదా ఇన్నాళ్ళూ ఇటుకల చేత అనిపించుకున్నది! తీరా వచ్చాక, నాదేనని చెయ్యి చాపితే సన్నాసి కూడా తనే అవుతాడు.

"అవునండీ. బాగానే ఉన్నాయి" అన్నాడు.

దారిలో అతని అసూయ పెద్ద ఇబ్బందిలో పడింది. ఇన్నాళ్ళూ తోడల్లుడి మీద నమ్మకంగా కొలువు చేసింది. ఇప్పుడు ఆ కొలువు ఊడింది. అత్తగారి మీద పడదామంటే కుదరలేదు. పళ్ళు లేని మనిషి మీద పళ్ళు నూరడం వృత్తిధర్మానికే విరుద్ధం. పైగా ఆవిణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, రోజంతా తీరిక ఇచ్చి, తన మీదికి ఉసిగొల్పింది ఎవరో ఆలోచించబోయి, ఆలోచనను మధ్యలోనే ఆపేశాడు. వీధి మలుపు తిరిగేసరికి అసూయ పాత యజమాని దగ్గరికే తిరిగి వచ్చింది.

మానేశాడట! చూశారా? అంత తేలిగ్గా! బంగారు చట్రాన్ని పాత చెప్పుల్లా విడిచేసి పోయాడు. ఎందుకు పోడు? వాడు గదిలోకి వస్తే నలుగురు లేచి నిలబడతారు. లిఫ్టు ఎక్కి దిగిన ప్రతివాడూ వాడి కంపెనీ పేరు చదువుకుంటాడు. కన్నకొడుకు కన్నా ఎక్కువని ఊరంతా చెప్పడానికి అత్తగారుంది. వాడికి బూరలు బయటే మోగుతున్నాయి. ఫోనులో ఎందుకు ఊదించుకుంటాడు? ఓడించినప్పుడు కలగనంత మంట, ఆటనే అక్కర్లేదన్నందుకు కలిగింది.

ఆ మంటలోనే ఒక ఆలోచన తళుక్కున మెరిసింది. పళ్ళొస్తే అత్తగారు పార్కుకు వెళతారు. పార్కుకు వెళితే ఆడరు. ఆడకపోతే...

అంత శ్రద్ధగా అతను ఏనాడూ పని చెయ్యలేదు. డాక్టర్ల పనులన్నీ పక్కన పెట్టాడు. ముద్ద తాజాది తెచ్చాడు. పొయ్యి ముందు స్టూలు వేసుకుని, ఫోను సొరుగులో పడేసి, చిన్నమంట మీద నీళ్ళను కంటికి రెప్పలా కాచాడు. ఒక్క బుడగ లేదు. చిగుళ్ళ అంచులు నాలుకకు తగిలీ తగలనట్టు అరగదీశాడు. మెరుగు పెట్టి, దీపం కింద తిప్పి చూసి, తనలో తనే "అమోఘం" అనుకున్నాడు. ఎంత నీచమైన ఉద్దేశంతోనైనా ఇంత మంచి పని చెయ్యవచ్చని లోకానికి రుజువు చేశాడు. లోకం గమనించలేదు.

వారం చివరిరోజున అందరూ తోడల్లుడి ఇంట్లో ఉన్నారు. అత్తగారు పళ్ళు పెట్టుకుని యాపిలు కొరికారు. టక్కుమన్న చప్పుడు గదంతా వినపడింది. మరదలు చప్పట్లు కొట్టింది. అత్తగారి కళ్ళు చెమర్చాయి.

"అన్నయ్యా, మీ చెయ్యి చూపించండి ఒకసారి," అన్నాడు తోడల్లుడు. "నేను నెలంతా మీటింగుల్లో కూర్చున్నా ఇలాంటి పని ఒక్కటి చెయ్యలేను. నిజంగా అసూయగా ఉంది."

"ఊఁ" అన్నాడు అతను. ఆ సమయంలో అతను ఫోను చూసుకుంటున్నాడు.

"మిమ్మల్నే అంటున్నాడండీ" అంది భార్య గ్రంథాలయపు గొంతుతో.

"విన్నాను, విన్నాను."

"ఆయన అంతే. నెమ్మదస్తుడు," అన్నారు అత్తగారు, ఈసారి ఎంతో ముద్దుగా. రెండో ముక్క కొరికి, చెప్పులు వేసుకుని పార్కుకు వెళ్ళిపోయారు. టాబ్లెట్టు కుర్చీలో బోర్లా పడి ఉంది.

ఆవిడ తరవాతి రోజు ఆడలేదు. ఆ మర్నాడూ ఆడలేదు. అతను మాత్రం ప్రతి ఉదయం పెట్టె తెరిచాడు, ముద్ద ఉడికే వేళల్లో గోడలు లేపాడు. అలా వారం గడిచింది. పలువరుస మెట్టెక్కి పైకి వచ్చింది. చుట్టూ బంగారు చట్రం వెలిగింది. బురుజు నిండా సైనికులు నిలబడి, ముందెన్నడూ వినిపించనంత దీర్ఘంగా బూరలు ఊదారు. అతను తలుపు గడియ పెట్టి, ధ్వని పెంచి, చివరిదాకా విన్నాడు. ఆ తరవాత మొట్టమొదటిసారిగా వేలితో పట్టికను కిందికి జరిపి, తన వెనక ఎవరెవరున్నారో చూశాడు.

ఆ వారం ఆడింది అతనొక్కడే.